రహస్యం తెలిసిన తర్వాత

హత్యలు, మాయలు, మంత్రాలు ఇతివృత్తంగా వస్తున్న నవలల్ని అభ్యుదయవాదులు చదవవచ్చునా, చదివితే ఏ దృష్టితో చదవాలి అన్న ప్రశ్న మన విద్యార్థుల మధ్యా, ఉపాధ్యాయుల మధ్యా తరచు వస్తూనే ఉంది. దీనికి మనవాళ్ళు సాధారణంగా రెండు సమాధానాలు చెబుతారు. ఇవి ప్రజల దృష్టిని అసలు సమస్యల నుంచి మళ్ళించే మత్తుమందు, వీటిని ముట్టుకోకూడదు అని కొందరంటారు. రోజంతా పనిచేసి అలసిన మనిషికి కాస్త విశ్రాంతి కావాలి, ఆ మాత్రానికి ఇంత చర్చ దేనికి అని మరికొందరంటారు. మొదటివారు కఠినులుగానూ, రెండవవారు ఉదారులుగానూ కనిపిస్తారు. నిజానికి ఇద్దరి అభిప్రాయమూ ఒక్కటే. ఈ నవలల్లో ఆలోచించవలసినది ఏమీ లేదని ఇద్దరూ పుస్తకం తెరవకముందే తీర్పు చెప్పేశారు.

ఈ రెంటిలో రెండవ సమాధానమే నాకు ఎక్కువ ప్రమాదకరంగా తోస్తుంది. పగలల్లా తన శ్రమను అమ్ముకున్న మనిషి సాయంత్రం తన తెలివిని కూడా చొక్కాతో పాటు కొక్కేనికి తగిలించాలని పుస్తక వ్యాపారి కోరుకుంటాడు. తీరిక వేళ ఆలోచన అక్కర్లేదని మనం ఒప్పుకుంటే ఆ వ్యాపారి కోరికను మనమే తీర్చినట్టు. తీరిక కోసం కార్మికులు పోరాడింది బుద్ధిని నిద్రపుచ్చుకోవటానికి కాదు గదా!

నేను ఈ నవలల్ని ఇష్టంగా చదువుతాను. సాయంత్రాలు ఫిడేలు సాధన చేస్తాను కూడా. ఫిడేలు నాకు వృత్తి కాదు, కచేరీ చేసే ఉద్దేశమూ లేదు. చాలాకాలంగా పక్కపక్కనే నడుస్తున్న ఈ రెండు ఇష్టాలలో సంగీతం నాకొక తూనికరాయి ఇచ్చింది. దానితో నవలల్ని తూచి చూడవచ్చునని నాకు నమ్మకం కలిగింది. ఈ వ్యాసంలో నేను పాఠకుల ముందు పెట్టదలచింది ఆ తూనికరాయినే.

ఇలాంటి సాహిత్యాన్ని పట్టించుకోవటం మార్క్సిస్టు విమర్శకు కొత్తేమీ కాదు. 1845లో వెలువడిన 'పవిత్ర కుటుంబం'లో మార్క్స్ మహాశయుడు యూజీన్ స్యూ రాసిన 'పారిస్ రహస్యాలు' అనే సీరియల్ నవలను పేజీల తరబడి పరీక్షించాడు. గ్రాంసీ జైలులో రాసుకున్న నోటుపుస్తకాలలో సీరియల్ నవలల గురించీ, డిటెక్టివ్ కథల గురించీ ఆలోచించాడు. బ్రెహ్ట్ డిటెక్టివ్ నవలల్ని ఇష్టంగా చదివి, అవి జనానికి ఎందుకు నచ్చుతాయో వ్యాసం రాశాడు. ఎర్నెస్ట్ మాండెల్ అనే ఆర్థిక శాస్త్రవేత్త 1984లో నేర కథల సాంఘిక చరిత్రను ఒక పుస్తకంగానే వెలువరించాడు. అద్భుత కల్పన సంగతికి వస్తే, బల్ల సరుకుగా మారగానే తలకిందులుగా నిలబడి వింత వేషాలు వేస్తుందని 'పెట్టుబడి'లో వర్ణించినవాడు మార్క్సే. పెట్టుబడిని రక్తం పీల్చే పిశాచంతో పోల్చినవాడూ ఆయనే. ఉన్న లోకమే ఇంత వింతగా నడుస్తున్నప్పుడు వింత కథ రాయటమే నేరమని అనలేం.

మన తెలుగులోనూ ఈ సంబంధం పాతదే. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు ఒక తరం పాఠకులకు ఇంటి మనుషులైపోయారు. మన అభ్యుదయ కవులలో అగ్రగణ్యుడైన ఆరుద్ర స్వయంగా డిటెక్టివ్ నవలలు రాశారు. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి చందమామలో వరుసగా జానపద సీరియళ్ళు రాస్తూ పోయారు. ఆ పత్రికను నడిపినవాడు వాస్తవికతకు మారుపేరైన కొడవటిగంటి కుటుంబరావు. అంటే మన పెద్దలు ఇలాంటి కథలు రాశారు, రాయించారు. కానీ మన విమర్శ మాత్రం వాటిని చాలావరకు గుమ్మం బయటే నిలబెట్టింది.

1980లలో వారపత్రికలు చేతబడుల నవలలతో నిండిపోయినప్పుడు అభ్యుదయ రచయితలు వాటిని ఎదిరించారు. 'తులసిదళం' వంటి నవలను రంగనాయకమ్మ గారు తీవ్రంగా విమర్శించారు. మూఢనమ్మకాన్ని సైన్సు ముసుగులో అమ్మటాన్ని ఎదిరించటం న్యాయమే. కానీ ఆనాడు పుట్టిన 'క్షుద్ర సాహిత్యం' అన్న మాట తర్వాత విస్తరించింది. ఉత్కంఠ ఉన్న ప్రతి పుస్తకానికీ, మాయ ఉన్న ప్రతి కథకీ అంటుకుంది. విద్యార్థులు ఆ పుస్తకాలు చదవటం మానలేదు. మనతో వాటి గురించి మాట్లాడటం మానేశారు. నష్టం ఎవరికి?

ఇక సంగీతం సంగతి.

ఫిడేలు నేర్చుకునేవాడు సరళి వరుసలతో మొదలుపెట్టి, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు దాటి కీర్తనల దగ్గరికి వస్తాడు. కీర్తనలో పల్లవి వస్తుంది. అనుపల్లవి తర్వాత పల్లవి, చరణం తర్వాత మళ్ళీ పల్లవి. వినేవాడికి ఇదంతా ముందే తెలుసు. ఆ కీర్తనను అతడు యాభైసార్లు విని ఉంటాడు. ఇక్కడ దాచిపెట్టిన రహస్యం ఏదీ లేదు. అయినా వింటాడు. ఎందుకు వింటాడన్నదానికి సంగతులు సమాధానం చెబుతాయి. త్యాగయ్యగారి కీర్తనలలో పల్లవి పాదం మొదట సాదాగా వస్తుంది. రెండవసారి అదే పాదం ఒక స్వరం దగ్గర కాస్త వంగుతుంది. మూడవసారి పైకి లేస్తుంది. నాలుగోసారికి, ఈ విస్తారమంతా ఆ మొదటి సాదా పాదంలోనే ఇమిడి ఉందే, మనం వినలేదే అనిపిస్తుంది. సంగతి బయటినుంచి తెచ్చి అతికించిన నగ కాదు. పాదంలో మొదటినుంచీ ఉండి మన చెవికి అందనిదాన్ని అది అందిస్తుంది.

ఇది పండిత సంగీతానికే చెందిన లక్షణమని అనుకోనక్కర్లేదు. నాజర్ బుర్రకథ వినటానికి పల్లె జనం రాత్రంతా కూర్చునేవారు. బొబ్బిలి కోట నిలవదని అందరికీ తెలుసు. అల్లూరి సీతారామరాజు చివరికి ఏమవుతాడో తెలియని పిల్లవాడు లేడు. శాస్త్రీయ సంగీతం అభ్యసించిన నాజర్ ఆ విద్యను తెలిసిన కథలోకి దించాడు. తెలిసిన కథను కథకుడు ఎత్తుకుంటే హాస్యపు వంత దాన్ని నవ్వించేవాడు, రాజకీయపు వంత ఇవాళ్టి సంగతికి ముడిపెట్టేవాడు. వినేవాడు 'ఏమవుతుంది' అని కూర్చోలేదు. 'ఎందుకలా అయింది' అని కూర్చున్నాడు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బలమంతా ఈ రెండవ ప్రశ్నలోనే ఉంది.

నా తూనికరాయి ఇదే. రహస్యం తెలిసిపోయిన తర్వాత నవలలో ఏమి మిగులుతుంది? హంతకుడెవరో తెలిశాక, మాయకోట తలుపు తెరుచుకున్నాక, ఆ పుస్తకాన్ని మళ్ళీ మొదటి పేజీనుంచి చదివితే ఏమి కనిపిస్తుంది? రచయిత గారడీ చేసిన చెయ్యి మాత్రమే కనిపిస్తే అది గారడీ. మొదటిసారి మన కళ్ళెదుటే ఉన్నా మనం చూడకుండా దాటిపోయిన మనుషులూ, సంబంధాలూ కనిపిస్తే అది సాహిత్యం. మళ్ళీ మళ్ళీ విన్నంత మాత్రాన దేనికీ గొప్పతనం రాదు. ఊరికే వల్లించే స్తోత్రాన్ని కూడా జనం రోజూ వింటారు. రెండవసారి కొత్తగా ఏమి తెలిసిందన్నదే ప్రశ్న.

ఈ రాయితో మూడు నవలలు తూచి చూస్తాను. మూడూ ఈ శతాబ్దంలో వచ్చినవే.

మొదటిది జపాన్ రచయిత కీగో హిగాషినో నవల 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'. 2005లో జపానులో పుస్తకంగా వచ్చింది, అక్కడి నవోకీ బహుమతి పొందింది, 2011లో ఇంగ్లీషులోకి వచ్చింది. భోజనం పొట్లాల దుకాణంలో పనిచేసే ఒక స్త్రీ, తనను వేధిస్తున్న మాజీ భర్తను చంపుతుంది. ఈ సంగతిని రచయిత దాచడు. పక్క వాటాలో ఉండే లెక్కల మాస్టారు ఇషిగామి ఆమెను మూగగా ప్రేమిస్తుంటాడు. నేరాన్ని కప్పిపుచ్చే పని అతడు తీసుకుంటాడు. ఎలా కప్పిపుచ్చాడన్నదే రహస్యం. అతడు మర్నాడు మరొక మనిషిని చంపి, ఆ శవాన్నే భర్త శవంగా పోలీసులను నమ్మించాడని చివర తెలుస్తుంది. ఆ మరొక మనిషి నది ఒడ్డున గుడారాల్లో బతికే ఇల్లులేనివారిలో ఒకడు.

రహస్యం తెలిసిన తర్వాత మొదటి అధ్యాయానికి తిరిగి వెళ్ళండి. ఇషిగామి ఉదయం బడికి నడిచిపోతూ సుమిదా నది ఒడ్డున ఆ గుడారాలను దాటుతాడు. గడియారాలు లేని ఆ మనుషుల దినచర్య గడియారంలా సాగుతుందని గమనిస్తాడు. వాళ్ళలో కొత్తగా వచ్చినవాడు ఒకడు పారిశ్రామిక పత్రిక చదువుకుంటూ ఉంటాడు. ఇషిగామి మనసులో అతనికి 'ఇంజనీరు' అని పేరు పెట్టుకుంటాడు. మొదటిసారి చదివినప్పుడు మనం దీన్ని నగర వర్ణన అనుకుని పేజీ తిప్పేస్తాం. రెండవసారి ఆ పేజీ గొంతు పట్టుకుంటుంది. చదువుకున్నవాడు, పని పోయినవాడు, లేకపోయినా ఎవరూ వెతకనివాడు. అతన్ని లెక్కలో ఒక అక్షరంగా వాడుకోవటం ఇషిగామికి సాధ్యమైందంటే, సమాజం అతన్ని అంతకుముందే మనుషుల లెక్కలోంచి తీసేసింది గనుకనే. పాఠకుడు కూడా ఇషిగామిలాగే ఆ గుడారాలను దాటిపోయాడు. ఇది గారడీ కాదు, నిజమైన సంగతి.

అయితే ఈ నవలలో ఒక లోపం ఉంది. చివరికి రచయిత కన్నీరంతా ప్రేమకోసం సర్వం అర్పించిన ఇషిగామికే దక్కుతుంది. చచ్చిపోయిన ఇంజనీరుకు కుటుంబం లేదు, కథ లేదు, అసలు పేరు కూడా లేదు. రచయిత ఒక తలుపు తెరిచి, లోపలికి పోకుండా గుమ్మంలోనే ఆగిపోయాడు. పాఠకులు చాలామంది దీన్ని గొప్ప ప్రేమకథగా మెచ్చుకోవటానికి కారణం అదే. ఇలాంటి చోటనే విమర్శకుడి అవసరం ఉంటుంది. ఇషిగామి కోసం ఏడ్చిన విద్యార్థిని 'రెండవ శవం ఎవరిది?' అని అడిగి చూడండి. వర్గ సమాజం గురించి ఒక గంట ఉపన్యాసం చెయ్యలేని పని ఆ ఒక్క ప్రశ్న చేస్తుంది.

రెండవది చైనా మీవిల్ రాసిన 'ది సిటీ అండ్ ది సిటీ'. 2009లో వచ్చింది. మీవిల్ బ్రిటిష్ రచయిత, మార్క్సిస్టు. అక్టోబరు విప్లవం మీద 2017లో చరిత్ర పుస్తకం కూడా రాశాడు. ఈ నవలలో రెండు నగరాలు ఒకే నేలమీద ఉంటాయి. ఒకే వీధిలో ఒక ఇల్లు ఈ నగరానిది, పక్క ఇల్లు ఆ నగరానిది. ఈ నగర పౌరుడు ఆ నగర పౌరుణ్ణి చూడకూడదు. కంటపడినా చూడనట్టు ఉండటం చిన్ననాటి నుంచే నేర్పుతారు. ఈ కట్టుబాటు తప్పినవాణ్ణి పట్టుకుపోయే ఒక శక్తి కాపలా కాస్తుంటుంది. ఇంతకుమించి ఈ నవలలో మంత్రం లేదు, మాయ లేదు. ఒక యువతి హత్యకు గురవుతుంది. పోలీసు ఇన్‌స్పెక్టర్ బోర్లూ ఆ హంతకుణ్ణి వెతుకుతాడు.

ఊరూ వాడా ఒకే పొలిమేరలో ఉన్నా ఒకరి వీధి ఒకరికి కనిపించని పల్లెల నుంచి వచ్చిన మన విద్యార్థులకు ఈ కల్పనను వివరించవలసిన పనిలేదు. చూడకపోవటాన్ని వాళ్ళు చూశారు. ఇంతకంటే బాగున్నది నవలలోని ముడి. రెండు నగరాల సందుల్లో రహస్యంగా మూడవ నగరమొకటి ఉందనీ, అన్నిటినీ నడిపేది అదేననీ ఒక పుకారు కథంతా నడుస్తుంది. చివరికి అలాంటి నగరమేదీ లేదని తేలుతుంది. తవ్వకాలలో దొరికిన పురాతన వస్తువులను దొంగిలించి విదేశీ కంపెనీకి అమ్ముకోవటానికి ఆ పుకారును వాడుకున్నారు. అదృశ్య శక్తుల కథ వెనుక ఉన్నది మామూలు లాభాపేక్ష. కుట్రల కథలు నమ్మి అసలు దోపిడీని చూడలేకపోతున్న ఈ రోజులలో ఈ ముగింపు విలువ ఎంతో చెప్పనక్కర్లేదు.

రెండవసారి చదివితే ఇంకొక సంగతి వినిపిస్తుంది. హత్య తేలింది, హంతకుడు దొరికాడు. కానీ ఆ కట్టుబాటు అలాగే ఉంది. పైగా నేరాన్ని ఛేదించిన బోర్లూ చివరికి ఆ కట్టుబాటును కాపాడే శక్తిలోనే ఒక ఉద్యోగి అవుతాడు. మామూలు డిటెక్టివ్ నవల ఒక దుర్మార్గుణ్ణి పట్టిచ్చి, ఇక లోకం బాగుపడిందని మనల్ని ఇంటికి పంపుతుంది. ఈ నవల పంపదు. ఈ విషయంలో రచయిత నిరాశావాది అని కొందరు మిత్రులు అనవచ్చు. నేననను. గోడ పడిపోయినట్టు రాస్తే పాఠకుడు తృప్తిగా నిద్రపోయేవాడు. గోడ నిలిచే ఉందని రాశాడు కనుక పుస్తకం మూసిన తర్వాత కూడా ఆ గోడ కళ్ళముందు నిలుస్తుంది.

మూడవది ఆర్. ఎఫ్. క్వాంగ్ 2022లో వెలువరించిన 'బేబెల్'. మూడింటిలో రాజకీయంగా మనకు అతి దగ్గరగా ఉన్నది ఇదే. 1830ల ఆక్స్‌ఫర్డ్‌లో అనువాదకుల గోపురం ఒకటి ఉంటుంది. వెండి కడ్డీకి రెండు వైపులా రెండు భాషల మాటలు చెక్కుతారు. ఒక మాట మరొక భాషలోకి వెళ్ళేటప్పుడు జారిపోయే అర్థమే శక్తిగా మారి ఓడలను, మిల్లులను నడుపుతుంది. అందుకోసం కాంటన్ నుంచి, కలకత్తా నుంచి, హైతీ నుంచి పిల్లలను తెచ్చి చదివిస్తారు. వాళ్ళ మాతృభాషలను పిండుకుని సామ్రాజ్యం బలుస్తుంది. చైనామీద నల్లమందు యుద్ధం దగ్గరపడినప్పుడు ఆ అనువాదకులలో కొందరు సమ్మె చేస్తారు. భాష పాఠం చెప్పి జీతం తీసుకునే నాలాంటివాడికి ఈ వెండి కడ్డీ కల్పన మహాద్భుతంగా తోచింది. వలస దేశాల నుంచి పత్తీ, తేయాకే కాదు, అర్థం కూడా దోచుకుపోవచ్చునని ఇంత సూటిగా చెప్పిన కల్పన నేను మరొకటి చదవలేదు.

కానీ తూనికరాయి మొహమాటం ఎరగదు. ఈ నవలను రెండవసారి చదివితే మొదటిసారి దొరకనిది దాదాపు ఏమీ దొరకదు. ఏ పాత్ర ఏ పక్షమో, ఏ సంఘటనకు అర్థమేమిటో సంభాషణల్లో చెప్పి, చాలనట్టు అధోజ్ఞాపికలలో మళ్ళీ చెబుతారు. పాఠకుడు తనంతట తాను కనుక్కోవటానికి ఏదీ మిగల్చరు. వెండి వల్ల పని పోయిన కార్మికులు కథలోకి వస్తారు, సమ్మెకు అండగా అడ్డుగోడలు కడతారు. కానీ వాళ్ళు ఎక్కువగా గోపురం కిటికీలోంచి కనిపించే జనంగానే ఉండిపోతారు. ప్రతి సంగతినీ మొదటి పాదంలోనే గట్టిగా వాయించేస్తే రెండవ పాదానికి చెయ్యవలసిన పని ఉండదు. అభిప్రాయం మంచిదే. రాగం మాత్రం విస్తరించలేదు.

ఈ మాట నేను 'బేబెల్' మీద కోపంతో అనటం లేదు. మన సొంత ఇంటిని తలచుకుని అంటున్నాను. మన పత్రికలలో వచ్చే ఎన్నో కథలకు ఇదే లోపం. భూస్వామి దుర్మార్గుడని మొదటి పేరాలో తెలుస్తుంది, చివరి పేరాలో కూలీ పిడికిలి బిగిస్తాడు. కథ సరి అయినదే, కాని దాన్ని రెండవసారి ఎవరూ చదవరు. మార్కెట్టు రచయిత రహస్యాన్ని చివరిదాకా దాచి ఆ తర్వాత ఖాళీ చేతులు చూపిస్తాడు. మనం చేతిలోనిది మొదటే చూపించి, ఆ తర్వాత కూడా అదే చూపిస్తూ ఉంటాం. పాఠకుడి తెలివిమీద నమ్మకం లేకపోవటం రెండు చోట్లా ఉంది. అందుకే మన విద్యార్థి మన కథను గౌరవించి పక్కన పెడతాడు, హత్యా నవలను దిండు కింద పెట్టుకుంటాడు.

ఇదంతా విన్నాక కూడా, డిటెక్టివ్ నవలా, ఫాంటసీ పడమటి మార్కెట్టు తయారుచేసిన రూపాలు, వాటిలో మన బతుకు ఇమడదు అనే మిత్రులుంటారు. ఫిడేలు మాత్రం ఎక్కడిది? అది యూరపు నుంచి వచ్చిన వాద్యమే. 19వ శతాబ్దం తొలినాళ్ళలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. మనవాళ్ళు దాన్ని భుజంమీద నిలబెట్టకుండా నేలమీద కూర్చుని పాదానికి ఆనించి పట్టుకున్నారు. దాని తంతులను పడమటి పద్ధతి మాన్పించి షడ్జమ పంచమాలకు శ్రుతి చేశారు. గమకం పలకటం నేర్పారు. పాటకు పక్కవాద్యంగా ఉన్న ఆ ఫిడేలును విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు (1893-1964) తానే కచేరీ నడపగల వాద్యంగా నిలబెట్టారు. వాద్యానికి వర్గం లేదని నేననను. ఎవరు ఏ శ్రుతి పెట్టారన్నదే ముఖ్యమంటాను. నవలా రూపానికీ ఇదే వర్తిస్తుంది. గురజాడ వారికి కథానిక కూడా దిగుమతి రూపమే గదా.

కాబట్టి మనం చేయవలసిన పని చాలా ఉంది. ఈ నవలలను నిషేధించి లాభం లేదు, కాలక్షేపమని వదిలిపెట్టినా లాభం లేదు. కావ్యాలకూ, వాస్తవిక నవలలకూ ఏ శ్రద్ధ చూపుతామో ఆ శ్రద్ధతోనే వీటినీ సమీక్షించాలి. కాలేజీ సాహిత్య సంఘాలలో విద్యార్థులు దిండు కింద దాచుకున్న పుస్తకాలను బల్లమీద పెట్టించి మాట్లాడించాలి. హంతకుడెవరని అడగటం మానేసి, శవం ఎవరిది, ఆ చావుతో లాభపడింది ఎవరు, కథ ముగిశాక కూడా శిక్షపడకుండా మిగిలింది ఏమిటి అని అడిగించాలి. ఇలా అడగటం అలవాటైన పాఠకుణ్ణి చేతబడి నవల మోసగించలేదు. మన పేలవమైన కథ కూడా మోసగించలేదు. ఆ రెండవ సంగతి మనకు కొంత ఇబ్బంది కలిగిస్తుంది. కలిగించనిద్దాం. అలాంటి పాఠకుడి కోసం రాయవలసి వచ్చినప్పుడే మన రచయితలు సంగతులు వేయటం నేర్చుకుంటారు.